తెర పట్టుకుని ఢిల్లీ దాకా

మా ఆట బృందంలో పదకొండుమంది కళాకారులు, ఒక తెర పట్టేవాడు ఉంటారు. ఆ పదకొండుమందిలో నేను లేను.

ఢిల్లీలోని జాతీయ నాటకశాలవాళ్లు మమ్మల్ని వచ్చి ఆడమని పిలిచారు. వచ్చేవాళ్ల పేర్లు, తెచ్చే సామాను వివరాలు రాసి పంపమన్నారు. మా ములకలపల్లి మండలాఫీసు ముందు దరఖాస్తులు రాసే పెద్దమనిషి చేత రాయించాం. ఆయన రాజు, రాణి, మంత్రి, హార్మోనియం, మద్దెల అని వరసగా మనుషుల్ని రాసి, కింద సామాను అన్నచోట "తెర, యాదగిరి, రెండు ఇనప్పెట్టెలు" అని రాశాడు. ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. పదకొండుమందికి టికెట్లు పంపుతున్నామనీ, సామాను విషయంలో తమకు అభ్యంతరం లేదనీ. నా టికెట్టు నేనే కొనుక్కున్నాను.

మా ఆట చూడనివాళ్లకు తెర సంగతి చెప్పాలి. మాకు వేదిక ఉండదు, తాళ్లుండవు. ఇద్దరు మనుషులు ఒక దుప్పటంత గుడ్డను చెరో కొస పట్టుకుని నిలబడతారు. ఒక కొస నాది, ఇంకో కొస మంత్రి వేషం కట్టే కొమరయ్యది. కొమరయ్య సత్తుపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు. మంత్రి ఎలాగూ ఆలస్యంగా వస్తాడు కాబట్టి అప్పటిదాకా ఖాళీ. రాజు తెర వెనక నిలబడి పాడతాడు. తెర ముందున్న నేను ఆయన్ను అడగాలి: ఎవరయ్యా మీరు, ఏ దేశం, ఏం పనిమీద వచ్చారు? ఏడు దీవులు ఏలేవాణ్ణి అంటాడు రాజు. పట్టాదారు పాసుపుస్తకం ఉందా అంటాను నేను. రాజు తన గుర్రాల గురించి పాడతాడు. దాణా ఎక్కడ కొంటున్నారని అడుగుతాను. ఇలా ఊళ్లో గంట నడుస్తుంది. జనం కేకలేస్తే గంటన్నర. అంతా అయ్యాక మూడుసార్లు కాలు నేలకేసి కొడతాను. అది గుర్తు. లోపల రాజు కిరీటం కట్టుకుంటాడు. పొనికి కర్రతో చేసిన కిరీటం, కర్ర తేలికే కానీ దాని నిండా అద్దం ముక్కలు, మెడ విరిగేంత బరువు. అందుకే చివరిదాకా తలమీద పెట్టుకోడు. కట్టుకున్నాక తెర జారుతుంది, రాజు ఎగిరి దూకుతాడు.

ఆ రాజు మా రాజలింగం పెద్దయ్య. నలభై ఏళ్లుగా ఆయనే రాజు. ఆయన దూకుడు చూడటానికి పక్క మండలాల నుంచి వస్తారు. కానీ ఆయన ప్రాణం ఆ దూకుడులో లేదు. రాజ్యం పోయిన రాజు అడవిలో కూర్చుని ఒంటిమీది నగలు ఒక్కొక్కటే తీసే ఘట్టం ఒకటుంది. అది తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది. అప్పటికి ఊరంతా దుప్పట్లు కప్పుకుని చాపల మీద వరసగా పడి ఉంటుంది. హార్మోనియం వాయించే ఆయన కూడా కళ్లు మూసుకునే వాయిస్తాడు. నలభై ఏళ్లు ఆ ఘట్టాన్ని పెద్దయ్య నిద్రపోయే జనం ముందు ఆడాడు.

ఢిల్లీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన నా పంక్చరు దుకాణానికి వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు.

"యాదగిరీ, ఆడ కుర్చీలుంటయంట గదరా?"

"ఎర్రటి మెత్త కుర్చీలంట పెద్దయ్యా."

"మెత్తటివైతే ఎట్ల? పండుకుంటరేమో."

"టికెట్ పెట్టి కొనుక్కున్నోడు ఎందుకు పండుకుంటడు?"

ఆయన కొంచెంసేపు మోకాలు నిమురుకున్నాడు. ఇక దూకవద్దని దవాఖానాలో చెప్పేశారు. ఈ ఎండాకాలం దాటితే కిరీటం ఇంకొకరికి ఇవ్వాల్సిందే.

"మనుషులు మేలుకొని ఉండంగ ఒక్కపారి ఆ అడివి ఘట్టం ఆడితే చాలురా. ఇగ దించేస్త," అన్నాడు.

ఖమ్మం దాకా

బస్సులో పెద్దయ్య కిరీటాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని నిలబడ్డాడు. నిలబడి ఒళ్లో ఎలా పెట్టుకుంటారని అడగకండి, చేతుల్లో పొదివి పట్టుకున్నాడన్నమాట. కొత్తగూడెం దాటాక ఒకామె చటుక్కున లేచి సీటిచ్చింది.

"కూసో తాతా. చంటిపిల్లతోటి నిలబడ్డవ్. ఎన్ని నెలలు?"

"పిల్ల కాదమ్మా. కిరీటం."

"ఎవలది?"

"నాదే."

ఆమె మళ్లీ కూర్చుంటానని అడగలేదు. డ్రైవరు వెనక్కి వెళ్లి నిలబడి, దిగేదాకా మావైపే చూసింది.

ఖమ్మం స్టేషన్లో రాణిగారు తప్పిపోయారు. రాణి అంటే మా సత్తయ్య బావ, పదెకరాల పామాయిల్ తోట ఉన్న రైతు. ఇరవై నిమిషాలు వెతికి, చివరికి మైకులో చెప్పించాం. ప్లాట్‌ఫారం చివర తోటలకు డ్రిప్ పైపులు అమ్మే ఆయన ఎవరో దొరికితే బావ బేరమాడుతున్నాడు. బావ ఆడవేషం వేస్తే కంటతడి పెట్టని మనిషుండడు. బేరమాడితే పైపులవాడు కూడా అంతే.

రైలు

రైలు ప్రయాణంలో చెప్పుకోవాల్సింది తిండి ఒక్కటే. మేం పులిహోర, జొన్నరొట్టెలు, ఊరమిరపకాయలు, ఒక పెద్ద సీసా మామిడికాయ పచ్చడి పట్టుకెళ్లాం. నాగపూర్లో నారింజలు కొన్నాం. కాయ పది రూపాయలు. మా ఊళ్లో అదే నాగపూర్ కాయ ఎనిమిది. ఇది ఎలాగో రైల్లో ఉన్న ఎవరూ చెప్పలేకపోయారు.

ఇటార్సీలో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. మనవరాలి దగ్గరికి పోతోందట. డబ్బా విప్పి, తను తినకముందే మాకందరికీ తలా రెండు పూరీలు పెట్టింది. అడగలేదు, పేర్లు కనుక్కోలేదు, చేతుల్లో పెట్టేసింది. మన దగ్గర అయితే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నీ తేలాకే పూరీ. మర్యాదకు సత్తయ్య బావ ఆమెకు మన పచ్చడి వడ్డించాడు. వేలితో ఇంత నాకింది. కళ్ల నుంచి ధారగా నీళ్లు. రెండో పూరీకి మళ్లీ అడిగి వేయించుకుంది, మళ్లీ ఏడ్చింది.

"ఇరవై ఏండ్ల సంది రాణి వేషం కడుతున్న. నాకెవ్వరు గింతగనం ఏడ్వలే," అన్నాడు బావ.

ఆ బావే ఆగ్రా దగ్గర ఒక పొరపాటు చేశాడు. ఆటలు లేని కాలంలో ఆయన మీసం పెంచుతాడు. ఢిల్లీలో దిగాక గీసుకుందువులే అంటే వినలేదు. రైల్లో చేతులు కడిగే బేసిన్ దగ్గర నిలబడి గీసుకుంటుంటే బండి పట్టాలు మారింది. పైపెదవి తెగింది. రైల్వే టీటీ దయతలచి ప్లాస్టరు ఇచ్చాడు. మా రాణిగారు మీసం ఉండాల్సిన చోట ప్లాస్టరుతో రాజధానిలో అడుగుపెట్టారు.

గేటు

నాటకశాల గేటు దగ్గర విమానాశ్రయంలో ఉంటుందే, అలాంటి మిషను పెట్టారు. చెక్క కత్తులు నాలుగు దాంట్లోంచి పోయాయి, ఎవరూ ఏమనలేదు. టెంకాయ దగ్గర ఆపారు. ఆట మొదలయ్యేముందు నేలమీద టెంకాయ కొట్టడం మా పద్ధతి. గార్డు దాన్ని ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఇంకో గార్డును పిలిచాడు. లోపల ఏదో ఉందన్నాడు. నీళ్లన్నాను. తెరిచి చూపించమన్నాడు. తెరవడానికే లోపలికి తీసుకుపోతున్నామని చెప్పాను. నా హిందీ లారీ హిందీ. పెళ్లికాకముందు ఆరేళ్లు లారీ మీద క్లీనరుగా నాగపూర్, రాయపూర్ తిరిగాను కాబట్టి బేరమాడటం, బతిమాలటం, తిట్టడం వచ్చు. మూడోది అవసరం పడలేదు. టెంకాయ గేటు దగ్గరే ఉండిపోయింది.

తర్వాత గార్డు చేతిలోని కాగితం చూశాడు. పదకొండుమంది అయిపోయారు, నేను మిగిలాను.

"నువ్వెవరు?" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఆ ప్రశ్న అడగటం నా పని. నన్ను ఎవరూ అడగలేదు.

"సామాను కింద చూడండి," అన్నాను.

చూశాడు. ఉంది. ఇనప్పెట్టెలు మిషను పట్టీమీద పెట్టి లోపలికి తోశాడు. తర్వాతి వంతు నాదేమోనని బెల్టు విప్పుతుంటే, నడిచే రమ్మన్నాడు.

నాటకశాల

లోపల ఎలా ఉందో చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మటం లేదు.

ముందు ఒక హాలు. నేల ఎంత నున్నగా ఉందంటే పెద్దయ్య చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. గోడల పొడవునా అద్దాల పెట్టెల్లో దేశంలో ఉన్న ఆటలన్నింటి సామాను పెట్టారు. ముఖానికి పెట్టుకునే బొమ్మలు, తోలుబొమ్మలు, గజ్జెలు, పదిమంది పట్టుకుంటేగానీ లేవని డోళ్లు. ప్రతి పెట్టె దగ్గరా ముట్టుకోవద్దని రాసి ఉంది. బడిపిల్లలు రెండు వరసల్లో వచ్చి, చూసి, టీచరు చెప్పింది రాసుకుని వెళ్తున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చే జనం ఈ కట్టడం ముందు ఫొటోలు దిగుతారట. మేమూ దిగాం. ఫొటోలో పదకొండుమందే ఉన్నారు, తీసింది నేను.

ఒక పెట్టెలో కిరీటం ఉంది. మాది లాంటిదే, చెక్క, అద్దం ముక్కలు. ఇంకా పాతది. పెద్దయ్య చంకలో తువ్వాలు మూటతో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది పెద్దయ్యా, చూస్తున్నవ్?"

"పాపం రా. దీనికి తలకాయ లేదు," అన్నాడు.

వేదిక మీదికి తీసుకెళ్లారు. మా ఊరి కూడలి లాంటివి రెండు పడతాయి. మధ్యలో నేల గుండ్రంగా తిరుగుతుంది. పైకి చూస్తే చీకట్లో తాళ్లు, దీపాలు. ఎదురుగా ఎర్ర కుర్చీలు, అంతస్తు మీద అంతస్తు. నన్ను మాత్రం తెర ఆకట్టుకుంది. మఖమలు తెర. మా దుకాణమంత మందం ఉన్న మడతలు. పక్కన గోడకు ఒక బొత్తాం, ఆ బొత్తాం దగ్గర స్టూలు, స్టూలు మీద ఒక సన్నటి పెద్దాయన. ముప్పై ఏళ్లుగా ఆ బొత్తాం ఆయనదేనట.

నేనూ తెర మనిషినే అని పరిచయం చేసుకున్నాను. నా గుడ్డ చూపించమన్నాడు. సంచీలోంచి తీశాను. సత్తుపల్లిలో కొన్న నూలు గుడ్డ, అంచు పసుపు, మధ్యలో కొమరయ్య బీడీ కాల్చిన బొక్క. ఆయన వేళ్ల మధ్య రాసి చూశాడు. మోటారు ఎక్కడ అన్నాడు. భుజాలు చూపించాను.

"చప్పట్లు కొడతారా నీకు?" అన్నాడు.

"రూపాయి బిళ్లలు విసురుతారు. కొందరు తగిలేలా."

ఆయన టీ తెప్పించాడు. క్యాంటీన్లో టీ ముప్పై రూపాయలు, కప్పు మాత్రం మన బొటనవేలంత. లోపలివాళ్లకు పదేనట. తెర మనిషిని కాబట్టి నన్ను లోపలివాళ్ల కింద రాయించాడు. ఆ ప్రయాణం మొత్తంలో నన్ను మనుషుల పట్టీలో రాసింది అక్కడే.

నలభై నిమిషాలు

ఆట నడిపించే బాధ్యత ప్రీతి అనే అమ్మాయిది. చెవిలో తీగ, మెడలో గడియారం, ఎప్పుడూ పరుగే. మాట మాత్రం మెత్తన. ఆమె హిందీలో అడుగుతుంది, నేను మావాళ్లకు చెబుతాను.

"మీ ఆట నిడివి ఎంత?" అంది.

"పొద్దు పొడిసేదాక," అన్నాడు పెద్దయ్య.

"మీకు నలభై నిమిషాలున్నాయి."

ఇది మావాళ్లకు చెప్పాను. హార్మోనియం ఆయన లేచి పెట్టె మూసేశాడు. నలభై నిమిషాలంటే ఆయన శ్రుతి చూసుకోవటానికే చాలవు.

పెద్దయ్య మాత్రం కంగారు పడలేదు. ఆయనకు కావాల్సింది ఒకటే. "అడివి ఘట్టానికి పదిహేను నిమిషాలు అడుగు బిడ్డా. తక్కిందంత ఆమె ఇష్టమున్నట్టు కొయ్యమను," అన్నాడు. ప్రీతి అట్ట మీద రాసింది. తెర దగ్గర ప్రశ్నలు ఐదు నిమిషాలు. రాజు ప్రవేశం పది. మంత్రి మోసం పది. అడవి పదిహేను.

"ఐదా?" అన్నాను. "మేడం, ఐదు నిమిషాల్లో రాజు పేరు కూడా తెలియదు."

పెద్దయ్యకు హిందీ రాదు కానీ నా మొహం వచ్చు.

"యాదగిరీ. ఐదంటే ఐదే."

"సరే పెద్దయ్యా."

"నా మోకాలు మీద ఒట్టెయ్యి."

వేశాను. ఇప్పుడా మోకాలును చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఆట

ఆట సాయంత్రం ఆరున్నరకు. ఢిల్లీవాళ్లు నాటకానికి వచ్చే తీరు వేరు. చేతుల్లో చాపలుండవు, పల్లీలుండవు, చంకల్లో పిల్లలుండరు. వరసగా వచ్చి, కాగితం మీద అంకె చూసుకుని, ఆ అంకె ఉన్న కుర్చీలోనే కూర్చుంటారు. పక్క కుర్చీ మంచిదైనా మారరు. దీపాలు ఆరగానే ఫోన్లు కూడా ఆర్పేస్తారు. పెద్దయ్య మఖమలు సందులోంచి తొంగి చూసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కనికి గూడ దుప్పటి లేదురా," అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు.

మఖమలు తెర విచ్చుకుంది. అంత పెద్ద వేదిక మధ్యలో మా బొక్కపడ్డ గుడ్డ, చెరో కొస నేనూ కొమరయ్యా. వెనక నుంచి పెద్దయ్య గొంతెత్తాడు. నేను తెలుగులో అడిగాను: ఎవరయ్యా మీరు? హాల్లో చప్పుడు లేదు. అర్థంకాని మౌనం ఎలా ఉంటుందో తెర మనిషికి తెలుస్తుంది. అందుకని చెక్‌పోస్టు జవానులా కాలు చాపి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, లారీ హిందీలో కాగితాలు అడిగాను: "కాగజ్ దిఖావో!"

హాలు పేలింది.

నలభై ఊళ్లలో ఆడాను. అలాంటి నవ్వు వినలేదు. పైఅంతస్తు నుంచి కూడా పడుతోంది, వానలా. రాజు ఏడు దీవులన్నాడు. ఓవర్‌లోడ్ అన్నాను. గుర్రాలన్నాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగాను. రథం అన్నాడు. బ్రేకు లైటు పగిలిందన్నాను, చలానా రాశాను, బేరమాడాను. ముందు వరసలో ఒకామె కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. పచ్చడి తినకుండానే.

హాలు వెనక గోడమీద ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి, ఆట ఎంతసేపైందో చెప్పటానికి. నాకు కనిపించలేదని చెప్పొచ్చు. కనిపించాయి. ఏడు కనిపించింది, పన్నెండు కనిపించింది, ఈ ఒక్క మాట అనేసి ఆపుదామనుకున్నాను. వేదిక పక్కల చాటును రెక్కలంటారు, అక్కడి నుంచి ప్రీతి చేతులు ఊపుతోంది, అదీ కనిపించింది. ఆమె కూడా నవ్వు ఆపుకోలేక ఊపుతోందని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడు తెర వెనక నుంచి, పాట మధ్యలో ఆపి, నాకు మాత్రమే వినపడేలా పెద్దయ్య అన్నాడు:

"యాదగిరీ."

అంతే. తిట్టలేదు. ఊళ్లో ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోయినప్పుడు పలకరించే గొంతుతో పిలిచాడు. గోడ వైపు చూశాను. ఇరవై నాలుగు. ఇంకా రాజు రాలేదు, మంత్రి రాలేదు. అడవి రావటం కల్ల.

కంగారులో గుడ్డ వదిలేశాను.

కాలు కొట్టలేదు. మూడుసార్లు కాదు, ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. కాలి గుర్తు వినపడలేదు కాబట్టి కొమరయ్య తన కొస వదల్లేదు. గని మనిషి, సైరన్ మోగకుండా దేన్నీ వదలడు. తెర ఒకవైపు కూలి, రెండోవైపు వేలాడుతూ నిలిచింది. సగం కూలిన తెర వెనక రాజు కనిపించాడు. ఇనప్పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుమీద కళ్లజోడు. మోకాలికి నొప్పుల మందు రాసి కట్టిన గుడ్డ. కిరీటం ఒళ్లో.

నవ్వు ఆగిపోయింది. కొమరయ్య నన్ను చూశాడు, రాజును చూశాడు, మెల్లగా తన కొస కూడా నేలమీద పెట్టాడు, మురికి అంటకుండా.

పెద్దయ్య జనం వైపు చూశాడు. ఒళ్లో కిరీటం వైపు చూశాడు. కిరీటం లేని రాజు మా కథలో ఒక్కచోటే ఉంటాడు. కళ్లజోడు తీసి పెట్టె మీద పెట్టాడు. కిరీటాన్ని రెండు చేతులతో నేలమీద పెట్టి, మోకాలు పట్టుకుని, దాని పక్కనే మెల్లగా కూలబడ్డాడు. అడవి ఘట్టం ఎత్తుకున్నాడు.

హార్మోనియం రెండు క్షణాలు ప్రవేశం పాటే వాయించి, తడబడి, దారిలో పడింది. రాణిగారు రెక్కల్లో చాయ్ తాగుతున్నారు. ప్రీతి గ్లాసు లాక్కుని వేదిక మీదికి తోసింది.

ఆ ఘట్టంలో ఏముండదు. రాజు నగలు తీస్తాడు. భుజకీర్తి తీసి, ఇది కంసాలిది, ఆయనకిచ్చెయ్యి అంటాడు. పట్టుగుడ్డ తీసి, ఇది సాలాయనది. చెప్పులు తీసి, ఇవి మాదిగాయనవి. కర్ర కత్తి, ఇది వడ్లాయనది. ఒక్కొక్కటీ రాణి చేతికిస్తాడు. ఒంటిమీద ఏమీ మిగలదు. అప్పుడు తన రెండు చేతులూ చూసుకుని అడుగుతాడు: "మరి ఈ మనిషెవనోడు?" రాణి జవాబు చెప్పదు. "ఆకలైతుందా?" అంటుంది. ఎంతోసేపటికి రాజు "అవ్" అంటాడు.

తెలుగు ఒక్క ముక్క రాని జనం. ఒక్కరు దగ్గలేదు. ప్లాస్టరు కింద సత్తయ్య బావ పెదవి వణికింది. నేను నేలమీది గుడ్డ తీయటం కూడా మరిచి పక్కన నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే నేనూ ఆ ఘట్టాన్ని మేలుకుని చూడటం అదే మొదలు. ఊళ్లో ఆ వేళకు తెర మడిచి తలకింద పెట్టుకుంటాను.

ఎర్ర అంకెలు నలభై చూపించాయి. బొత్తాం దగ్గరి పెద్దాయన వెంటనే నొక్కలేదట. "అవ్" అన్నాక ఇంత ఊపిరి పీల్చుకుని నొక్కానని తర్వాత చెప్పాడు. మఖమలు తెర వచ్చి కలుసుకుంది. అవతల చప్పట్లు. ఇవతల మేం పెద్దయ్యను లేపుతున్నాం.

"మేలుకొనే ఉండిరా?" అన్నాడు.

"అందరూ. ముందు వరసల నడుమ కూసున్న ముఖ్య అతిథి తప్ప."

"ఆయన సంగతొద్దు. ఆయన్ని పిలిచేదే అందుకు," అన్నాడు.

మరునాడు

మరునాడు పొద్దున్న మా ఆట మీద చర్చ పెట్టారు. గడ్డమున్న ఒక నాటకాల మేష్టారు లేచి చాలాసేపు మాట్లాడారు. రాజును సింహాసనం మీద కాక ఇనప్పెట్టె మీద మొదట చూపించడం, తెరను సగమే కూల్చడం, కథను పతనం నుంచి ఎత్తుకోవడం గొప్ప సాహసమన్నారు. ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. పదకొండు వేళ్లు నా వైపు తిరిగాయి.

లేచి నిలబడ్డాను.

"ఏ భావంతో తెరను అలా వదిలారు?"

"భయంతో," అన్నాను.

అందరూ రాసుకున్నారు.

ములకలపల్లి

తిరిగొచ్చాక వారం రోజులు నా దుకాణంలో పంక్చర్లకన్నా మాటలే ఎక్కువ పడ్డాయి. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ, వచ్చిన ప్రతివాడికీ ఢిల్లీ చెప్పాను. నవ్వు పైఅంతస్తు నుంచి పడిన తీరు చెప్పాను. తెర సగం కూల్చడంలోని సాహసం చెప్పాను. మేష్టారు చెప్పినదాంట్లో నాకు గుర్తున్నంత మేర. మోకాలు మీద ఒట్టు సంగతి చెప్పలేదు.

ఎనిమిదో రోజు పెద్దయ్య మోపెడ్ తోసుకుంటూ వచ్చాడు. వెనక టైరు. అప్పటికి దుకాణంలో నలుగురున్నారు. నేను మాట మధ్యలో ఉన్నాను, ఆపితే బాగుండదు.

"అడుగుండ్రి, రాజుగారే వచ్చిండు. పెద్దయ్యా, నువ్వే చెప్పు. నలభై ఏండ్లల్ల ఎవ్వలు చూడని నీ అడివి ఘట్టం ఢిల్లీ మొత్తం కండ్లు తెరుసుకొని చూసిందంటే, గా దినం నేను తెర ఇడిసిపెట్టవట్టే గదా?"

పెద్దయ్య మోపెడ్‌కు స్టాండు వేశాడు. పాత టైరు మీద కూర్చుని మోకాలు చాపుకున్నాడు.

"అవ్ బిడ్డా, నువ్వు ఇడిసిపెట్టవట్టే చూసిండ్రు," అన్నాడు. "ఇరవై రెండేండ్ల సంది నువ్వు గంటన్నర దాక తెర ఇడిసిపెట్టకనే గదా మనూళ్లె ఒక్కడు చూడలే."